నొప్పి పోయింది, మరి స్కానింగ్ ఎందుకు?

ఒంగోలు బస్టాండులో పొదిలి మీదుగా కనిగిరి వెళ్లే బస్సు కోసం కాసేపు నిలబడితే, ఎక్స్‌రే ఫిల్ముల కవరు చంకన పెట్టుకున్నవాళ్లు ఒకరిద్దరైనా కనిపిస్తారు. పడమటి మండలాల్లో నీటి బాధ ఇవాళ్టిది కాదు. ఇవి నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లోనే, 1937లో, ఇక్కడి ఫ్లోరోసిస్ గురించి డాక్టర్లు రాశారు. అది ఎముకల జబ్బు. కిడ్నీ రాళ్ల సంగతి వేరు: ఎండలో చెమటోడ్చి, నీళ్లు తక్కువ తాగితే మూత్రం చిక్కబడి రాయి కడుతుంది.

రాయి తీయాలంటే ఒకప్పుడు డొక్క పక్కన జానెడు కోత. రోజుల తరబడి వార్డులోనే. లోపలి నుంచి వచ్చిన గొట్టం పక్కనున్న సంచిలో మూత్రాన్ని వదులుతూ కళ్లెదురుగా వేలాడేది. అది తీయకుండా ఇంటికి పంపేవాళ్లు కాదు.

1976లో స్వీడన్ డాక్టర్లు వీపు దగ్గర చిన్న రంధ్రంలోంచి రాయి తీశారు. 1980లో మ్యూనిక్‌లో కోతే లేకుండా బయటి నుంచి తరంగాలతో రాయిని పగలగొట్టారు. ఆ మధ్యలో, 1978లో, డీజే స్టెంట్ వచ్చింది. బాల్‌పెన్ రీఫిల్ అంత లావు కూడా ఉండని మెత్తటి గొట్టం. పై కొస కిడ్నీలో, కింది కొస మూత్రాశయంలో చుట్ట తిరిగి జారకుండా నిలుస్తుంది. వాచిన మూత్రనాళం మూసుకుపోకుండా కాపాడుతుంది. ఎంతో మేలు చేసింది. కానీ గొట్టం లోపలికి వెళ్లాక మన కంటికి కనపడటం మానేసింది. అసలు చిక్కు అక్కడే మొదలైందని నా నమ్మకం.

స్టెంట్ సాధారణంగా కొద్ది వారాలకే తీసేస్తారు. నెలల తరబడి మర్చిపోతే దాని మీదే సున్నంలా పేరుకుని మళ్లీ రాళ్లు కడతాయి. అప్పుడు గొట్టం తీయడానికే ఇంకో ఆపరేషన్ కావాలి.

తీశాక కూడా పని అయిపోదు. మూత్రనాళంలో గాయం మానేచోట సన్నబడితే కిడ్నీ నెమ్మదిగా ఉబ్బుతుంది. ఒక్కోసారి నొప్పే ఉండదు, ఆ మనిషి పొలానికి కూడా వెళ్లొస్తుంటాడు. అందుకే కొన్ని వారాల తర్వాత అల్ట్రాసౌండ్ చేయించమంటారు. నాళం మొదట్లో ఉన్న ఇరుకును సరిచేసిన ఆపరేషన్ అయితే, మూత్రం సరిగా దిగుతోందో లేదో చూడటానికి కొన్ని నెలలకు రీనోగ్రామ్ కూడా రాస్తారు. ఆ పరీక్ష అన్ని ఊళ్లలో ఉండదు.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక ఆపరేషన్ అంటే అప్పుల భయం చాలా ఇళ్లలో తగ్గింది. కానీ నొప్పి లేని మనిషి స్కానింగ్ కోసం మళ్లీ ఒంగోలుకో నెల్లూరుకో రావాలంటే ఆ రోజు కూలి పోతుంది, తోడు వచ్చినవాళ్లదీ పోతుంది. రాలేదని వాళ్లను తిట్టడానికి నాకు మనసొప్పదు. డిశ్చార్జి రోజే ‘లోపల స్టెంట్ ఉంది, ఫలానా తేదీకి తీస్తాం’ అని కాగితం మీద తెలుగులో పెద్దక్షరాలతో రాసి, ఇంటి మనిషి చేత ఒకసారి పైకి చదివించి పంపాలి.