చేతి గడియారానికి కలలు కనిపించవు

"సార్, వాచ్‌లో రెమ్ నిద్ర నలభై నిమిషాలే చూపిస్తోంది. నాకు లూసిడ్ డ్రీమ్ ఎప్పటికి వస్తుంది?" కర్నూలులో నిద్ర పరీక్షలు చేసే టెక్నీషియన్‌ని. ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. రెమ్ అంటే కలలు ఎక్కువగా వచ్చే నిద్ర దశ. లూసిడ్ డ్రీమ్ అంటే ఇది కల అని కలలోనే తెలిసే కల.

అపోహ: రెమ్ మొదలైన క్షణం వాచ్‌కి తెలుస్తుంది. అప్పుడు అది వణికితే కలలోనే స్పృహ వస్తుంది.

వాస్తవం: వాచ్ చేసేది అంచనా మాత్రమే. పరీక్షలో మేము తలమీద, కళ్ల పక్కన, గడ్డం కింద తీగలు అతికిస్తాం. మెదడు తరంగాలు మెలకువను పోలి ఉండి, కళ్లు చురుగ్గా కదులుతూ, గడ్డం కండరం సడలిపోతేనే రెమ్ అని రాస్తాం. ఈ మూడింటిలో ఒక్కటీ మణికట్టుకు అందదు. అక్కడ ఉండేవి కదలికను పట్టే సెన్సర్, నాడిని లెక్కించే పచ్చటి వెలుతురు. కదలకుండా మేలుకొని పడుకున్నా నిద్ర కిందే రాసుకుంటుంది కొన్నిసార్లు. 1975లో ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంలో పరిశోధకుడు కీత్ హెర్న్, లూసిడ్ డ్రీమ్‌లో ఉన్న వ్యక్తి కల మధ్య నుంచి పంపిన సంకేతాన్ని నమోదు చేసింది కూడా కంటి కదలికల ద్వారానే.

ఈ అపోహ ఖరీదు ఎంతో ఒక కుర్రవాడిలో చూశాను. పోటీ పరీక్షలకు చదువుతున్నాడు. రాత్రికి నాలుగుసార్లు వాచ్ వణికేలా పెట్టుకున్నాడు. మూడు వారాలకు నంద్యాల రోడ్డులో బండి మీదే కునుకు పట్టింది. దెబ్బలు తగలకపోవడం అదృష్టం. వెంట వచ్చిన తల్లి కళ్లనీళ్లు పెట్టుకుంది. ఎవరో చేతబడి చేశారని బంధువులు ఆమెను బెదరగొట్టారు. అలా చెప్పేవారి మీద నాకు కోపం ఆగదు. ఆ తల్లికి ఉన్న భయం చాలదా?

అతనికి చెప్పింది ఇదే. రెమ్ నిద్ర తెల్లవారుజామునే ఎక్కువసేపు ఉంటుంది. ఆ వేళ నిద్రను ముక్కలు చేస్తే పోయేది కలల నిద్రే. కూర్చున్న కొమ్మను నరుక్కున్నట్టు. సాధన చేయాలనుకుంటే మామూలు అలారం చాలు. సెలవురోజు చూసుకుని, పడుకున్న అయిదు గంటల తర్వాత ఒక్కసారి లేవాలి. అప్పటిదాకా వచ్చిన కలను నోటుపుస్తకంలో రాసి, "ఈసారి కల వస్తే కల అని గుర్తుపడతాను" అనుకుంటూ మళ్లీ పడుకోవాలి. వాచ్‌ను ఏ వేళకు పడుకుని ఏ వేళకు లేస్తున్నామో చూసుకోవడానికి వాడుకోండి, చాలు.

మిగతావి క్లుప్తంగా. వాచ్‌లో రెమ్ తక్కువ కనబడినంత మాత్రాన మెదడు పాడైనట్టు కాదు. వాచ్ ఇచ్చే నిద్ర స్కోరు తొంభై ఉన్నా, పెద్ద గురక, మధ్యలో ఊపిరి ఆగడం, పగటి మగత ఉంటే డాక్టరును కలవాలి. కలలో చిక్కుకుపోయి బయటికి రాలేకపోవడం అంటూ ఉండదు.

మెలకువ వచ్చినా కాళ్లూ చేతులూ కదలకపోవడం దయ్యం పని కాదు. చిన్నప్పుడు మిద్దె మీద పడుకున్న నాకే అలా జరిగితే మా అవ్వ దిండు కింద కత్తి పెట్టింది. రెమ్‌లో సడలిన కండరాలు ఇంకా తేరుకోకముందే మెలకువ వస్తే అలా ఉంటుందని ఈ పనిలోకి వచ్చాకే తెలిసింది. కాసేపట్లో దానంతట అదే పోతుంది. ఆ సంగతి అవ్వకు చెప్పే అవకాశం నాకు దొరకలేదు.

ఆ కుర్రవాడు వాచ్ తీసి పక్కన పెట్టాడు. రెండు నెలల తర్వాత ఫోను చేశాడు. కలలో కొండారెడ్డి బురుజు మీద నిలబడి ఉన్నాడట. కిందికి చూస్తే సముద్రం. కర్నూలుకు సముద్రం ఎక్కడిది అనుకున్నాడట, అంతే, కల అని తెలిసిపోయిందట.