‘ఇది మాకు తెలియనిదా అమ్మా?’ నీటి ల్యాబ్ నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

నల్లగొండలో నీటి పరీక్షల ల్యాబ్‌లో పదకొండేళ్లుగా పని చేస్తున్నాను. మోతాదు మించితే పళ్లను, ఎముకలను దెబ్బతీసే ఫ్లోరైడ్ బోరు నీళ్లలో ఎంత ఉందో కొలవడమే నా పనిలో పెద్ద భాగం. యంత్రాలతో నాకెప్పుడూ పేచీ రాలేదు. పేచీ అంతా మా సీనియర్ ఒకాయనతో. ఇరవై ఏళ్లకు పైగా బోర్లు, మోటార్లు, పైపులైన్ల మధ్య తిరిగిన మనిషి. నేను ఆయనను అన్నా అంటాను, ఆయన నన్ను అమ్మా అంటారు. కోపం వస్తే మాత్రం మేడం అంటారు. కొత్తగా చేరిన అమ్మాయిలు ఇలాంటి వాళ్లతో ఎలా వేగాలని తరచూ అడుగుతుంటారు. వాళ్ల కోసం ఇది.

అపోహ: అనుభవం ఉన్నవాళ్లకు నీళ్లు చూస్తేనే తెలిసిపోతుంది.

వాస్తవం: తెలుస్తుంది, కానీ వేరే సంగతి తెలుస్తుంది. ‘తియ్యటి నీళ్లు, పప్పు మెత్తగా ఉడుకుతుంది’ అని అన్న మెచ్చుకునే బోర్లు కొన్ని ఉన్నాయి. ఆయన మాట నిజమే, అవి కాఠిన్యం తక్కువ ఉన్న నీళ్లు. చిక్కంతా అక్కడే ఉంది. మన నేల కింద ఉన్నది గ్రానైట్. ఆ రాతిలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. నీళ్లలో కాల్షియం దండిగా ఉంటే అది ఫ్లోరైడ్‌ను కొంత పట్టేసుకుంటుంది. కాల్షియం తక్కువైన చోట పట్టేవారే ఉండరు. అందుకే నాలుకకు నచ్చిన నీళ్లలోనే తరచూ ఫ్లోరైడ్ ఎక్కువ. దానికి రంగు లేదు, వాసన లేదు, మన బోర్లలో ఉండే మోతాదుకు రుచి కూడా తెలియదు. జేబులో పెట్టుకు తిరిగే టీడీఎస్ పెన్ను కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా కడుతుందే తప్ప అందులో ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు. కాచి తాగితే పోతుందనుకోవడం మరీ పొరపాటు. ఆవిరైపోయేది నీళ్లే, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉండి ఇంకా చిక్కబడుతుంది.

అపోహ: ప్రమాణాలు చూపిస్తే ఎదుటివాళ్లు ఒప్పుకుంటారు.

వాస్తవం: నేను చూపించాను. తాగునీటికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు అని కాగితం ముందు పెట్టాను. ‘ఆ కాగితం రాసినవాళ్లు మర్రిగూడ ఎప్పుడైనా వచ్చారా మేడం?’ అన్నారు. ఇక నా దగ్గర మాట లేదు.

కొన్నాళ్లకు వేరే దారి పట్టాను. ‘అన్నా, మూడు సీసాలు మీరే నింపి తీసుకురండి. ఏది ఏ నీళ్లో నాకు చెప్పకండి’ అన్నాను. ప్లాస్టిక్ సీసాలే ఇచ్చాను, ఫ్లోరైడ్ శాంపిల్‌కు గాజు పనికిరాదు. ఆయన తెచ్చారు. ముందు మాకు విలువ తెలిసిన ద్రావణాల్లో ఫ్లోరైడ్‌ను కొలిచే ఎలక్ట్రోడ్ ఆయన చేతనే ముంచించాను. 1 ఉన్నదానికి 1, 10 ఉన్నదానికి 10 చూపింది. తర్వాత ఆయన సీసాలు. ఒకదానిలో 0.5, ఒకదానిలో 2.8, మరోదానిలో 2.7 వచ్చాయి. చివరి రెండూ ఒకే బోరు నీళ్లట! నన్ను పట్టుకుందామని ఒకే నీళ్లు రెండు సీసాల్లో నింపారు. అన్న ఏమీ అనలేదు. టీ మాత్రం ఆ రోజు ఆయనే తెప్పించారు.

అపోహ: నలుగురిలో తప్పని నిరూపిస్తే మళ్లీ నోరెత్తరు.

వాస్తవం: ఇంకా గట్టిగా ఎత్తుతారు. ఆ సీసాల సంగతి నేను మీటింగ్‌లో ఎత్తలేదు.

అపోహ: మన చదువును కొట్టిపారేసేవాళ్లకు ఏమీ తెలియదు.

వాస్తవం: ఇది రాయడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. ఎప్పుడూ 2 దాటే ఒక బోరు నుంచి వచ్చిన శాంపిల్‌కు ఒకసారి 0.9 వచ్చింది. రిపోర్టు రాసేశాను. అన్న చూసి ‘ఇవి ఆ బోరు నీళ్లు కావు’ అన్నారు. యంత్రం అబద్ధం చెప్పదని నేను పట్టుబట్టాను. యంత్రం నిజమే చెప్పింది, సీసా చెప్పలేదు. శాంపిల్ తెచ్చిన కుర్రాడు బోరు దాకా నడవలేక కృష్ణా నీళ్లు వచ్చే ట్యాంకు నల్లా దగ్గరే నింపుకొచ్చాడు. పాత రిజిస్టరు తిరగేసి ఉంటే నాకే అనుమానం రావాల్సింది. ఆయన అనుభవాన్ని నేను కొట్టిపారేసిన రోజు అది.

అపోహ: పెద్దవాళ్లు కదా, సర్దుకుపోవడమే మర్యాద.

వాస్తవం: మాట పడటంలో సర్దుకోవచ్చు, రీడింగ్ దగ్గర కుదరదు. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి రూపొందించిన పద్ధతికి మన ఊరి పేరే పెట్టారు, నల్లగొండ పద్ధతి అని. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కి దించి, నీళ్లను తేటపరచడం. అలా శుద్ధి చేసిన నీళ్లలో కొంత అల్యూమినియం మిగలవచ్చు. అది ఫ్లోరైడ్‌ను కట్టిపడేస్తే ఎలక్ట్రోడ్‌కు దొరకదు, రీడింగ్ తక్కువ వస్తుంది. ఆ పట్టు విడిపించడానికే పరీక్షకు ముందు బఫర్ ద్రావణం కలుపుతాం. ‘అది దండగ ఖర్చు, వదిలేయండి’ అన్నారు అన్న. నేను వాదించలేదు. కలిపి ఒకటి, కలపకుండా ఒకటి, రెండు రీడింగులూ తేదీతో రిజిస్టరులో పక్కపక్కన రాసి పై అధికారి సంతకానికి పంపాను. బఫర్ కొనుగోలు ఆగలేదు.

అపోహ: ఇంత జరిగాక మనిషి మారిపోతాడు.

వాస్తవం: అన్న ఇప్పటికీ కొత్తవాళ్లతో నీళ్లు చూస్తే తెలిసిపోతుందనే చెబుతారు. కాకపోతే సీసా మీద బోరు లోతు, మోటారు ఎంతసేపు నడిపాక పట్టారో ఇప్పుడు ఆయనే స్వయంగా రాసి పంపుతున్నారు. చేతిరాత మాత్రం చదవలేక చస్తున్నాను.