కంటికి తెరుచుకునే తలుపు

చిన్నికి, వాసుకు తాతయ్య ఆశీస్సులు.

అమ్మ ముట్టుకోకుండా, ఊరికే అలా చూడగానే ఆమె ఆఫీసు తలుపు తెరుచుకుందనీ, తలుపు పక్కనున్న ఆ పెట్టెకు అమ్మ ఎలా తెలుసనీ మీరు అడిగిన రోజు నేను మాట దాటవేశాను. ఇప్పుడు చెబుతాను.

ఆ పెట్టెకు అమ్మ తెలియదు. దానికి తెలిసినది అమ్మ ఐరిస్ నుంచి, అంటే కంటిపాప చుట్టూ ఉండే రంగు వలయం నుంచి తీసిన ఒక అంకెల వరుస మాత్రమే. మనలాంటి ముదురు గోధుమరంగు కళ్లలో ఆ వలయపు అల్లిక మామూలు వెలుతురులో సరిగా కనిపించదు కాబట్టి, కంటికి రంగునిచ్చే మెలనిన్ అనే పదార్థం అంతగా అడ్డుకోని, మన కంటికి కనిపించని పరారుణ కాంతిలో ఫోటో తీసి, రెప్పలు కప్పిన భాగాన్ని వదిలేసి, మిగిలినదాన్ని సున్నాలు, ఒకట్లుగా మారుస్తారు. కేంబ్రిడ్జి శాస్త్రవేత్త జాన్ డాగ్‌మన్ రూపొందించి 1994లో పేటెంటు పొందిన పద్ధతిలో ఇవి 2048 ఉంటాయి.

అసలు చిత్రమేమిటంటే, ఒకే కంటిని రెండుసార్లు తీసినా ఈ అంకెలన్నీ కలవవు. ఇద్దరు వేర్వేరు మనుషులవైతే, నాణెం ఎగరేసి బొమ్మా బొరుసూ చూసినట్టు, దాదాపు సగం చోట్ల తేడా వస్తుంది. కవలలకైనా, ఒకే మనిషి కుడి ఎడమ కళ్లకైనా అంతే. అందుచేత తేడా సుమారు మూడో వంతుకు లోపలే ఉంటే ఆ మనిషేనని యంత్రం తీర్మానిస్తుంది. ఆ హద్దును మనుషులే పెడతారు. మరీ బిగిస్తే అమ్మ కూడా ఒక్కోరోజు గుమ్మం బయటే నిలబడవలసి వస్తుంది.

ఏళ్ల తరబడి నాట్లు వేసి, మిరపకాయలు కోసి వేలిముద్రలు అరిగిపోయిన మీ అమ్మమ్మకు రేషన్ దుకాణంలో యంత్రం మీద ఎన్నిసార్లు వేలు పెట్టినా పడేది కాదు. ఐరిస్ కంటి ముందుండే పారదర్శకమైన పొర, అంటే కార్నియా వెనుక ఉంటుంది గనుక దానికి ఆ అరుగుదల లేదు, చివరికి బియ్యం కంటితోనే వచ్చాయి.

అలాగని దీన్ని మోసగించలేరని కాదు. 2017లో జర్మనీలోని కేయాస్ కంప్యూటర్ క్లబ్ అనే హ్యాకర్ల సంఘం వాళ్లు కంటి ఫోటోను ముద్రించి, దానిపై కాంటాక్ట్ లెన్స్ పెట్టి ఒక ఫోన్ తాళం తీశారు. తాళంచెవి పోతే తాళం మార్చుకుంటాం, కన్ను మార్చుకోలేం కదా. అందుకే అమ్మ అంకెల వరుసను ఆమె కార్డులోనే ఉంచారా, ఆఫీసు కంప్యూటరులో దాచారా, ఉద్యోగం మానేస్తే చెరిపేస్తారా అని అడిగి, వచ్చే ఉత్తరంలో నాకు రాయండి.

మీ తాతయ్య