"అది బంజరే కదా!": ఊరి పక్క అడవులు, చెరువులు, బీళ్ల గురించి అపోహలు, వాస్తవాలు

ఊరి పక్కనున్న గుట్టనో, చెరువునో, గడ్డి బీడునో కాపాడుకోవాలని ఎవరైనా ఫోన్ చేస్తే నేను మొదట అడిగేది ఒకటే: "ఆ సర్వే నంబరు ఎదురుగా రికార్డులో ఏమని రాసుంది?" జేసీబీ వచ్చి నిలబడి ఉంటే ఈ కాగితాల గోల ఏంటని చాలామందికి చిరాకొస్తుంది. నిజానికి జేసీబీ ఆఖర్న వస్తుంది. ఎప్పుడో ఒక ఆఫీసులో ఆ నేలను "ఖాళీ" అని రాసిన రోజే సగం పోరు ఓడిపోయి ఉంటాం. ఈ పనిలో పదే పదే వినపడే మాటలు కొన్ని ఇక్కడ పెడుతున్నాను.

అపోహ: అది బంజరు. అక్కడ కాపాడటానికి ఏముంది?

బంజరు, బీడు, పోరంబోకు అనేవి శిస్తు లెక్క కోసం పుట్టిన మాటలు. అక్కడ ఏం బతుకుతోందో అవి చెప్పవు. మన బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం తయారుచేసే బంజరు భూముల అట్లాసులో కూడా పొదలున్న నేల "వేస్ట్‌ల్యాండ్" పద్దులోకే వెళ్తుంది. సోలార్ పార్కుకో, పారిశ్రామికవాడకో స్థలం వెతికేవాళ్లు ముందు తెరిచేది ఆ పద్దునే.

కర్నూలు వైపు రోళ్లపాడునే తీసుకోండి. బట్టమేక పిట్ట కోసం 1988లో అక్కడ అభయారణ్యం ప్రకటించారు. ఆ పిట్టకి దట్టమైన అడవి పనికిరాదు. దూరం దాకా చూపు ఆనే గడ్డి నేల కావాలి. నేల మీదే ఒక గుడ్డు పెడుతుంది, మనిషి అలికిడికి లేచిపోతుంది. చుట్టుపక్కల బీళ్లు సాగులోకీ ఇతర అవసరాలకీ పోతుంటే, అభయారణ్యం గీత లోపలున్న కాస్త గడ్డి దానికి సరిపోలేదు. దేశం మొత్తమ్మీద ఇప్పుడు ఆ పిట్టలు నూటయాభై లోపే మిగిలాయని అంచనా. రోళ్లపాడులో ఏళ్లుగా వాటి జాడ దాదాపు లేదు. కృష్ణజింకలూ తోడేళ్లూ ఇంకా ఉన్నాయి. అవి తిరిగే బయటి పొలాలూ బీళ్లూ మాత్రం కాగితం మీద "ఖాళీ"యే.

అపోహ: ఒక చెట్టు కొడితే పది నాటుతున్నారుగా?

గడ్డి నేలలో వరసగా మొక్కలు నాటడమంటే దాన్ని రెండోసారి చంపడమే. ఇంతకన్నా చెప్పేదేం లేదు.

అపోహ: రికార్డులో "అడవి" అని లేకపోతే మనకి చట్టం లేదు

1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చిందేమిటంటే, భూమి ఎవరిదైనా సరే, నిఘంటువు అర్థంలో అడవైతే అది అడవే. 2023లో అటవీ సంరక్షణ చట్టానికి తెచ్చిన సవరణ ఈ నిర్వచనాన్ని కుదించబోతే, తుది తీర్పు వచ్చేదాకా పాత అర్థాన్నే పాటించాలని 2024 ఫిబ్రవరిలో అదే కోర్టు చెప్పింది.

హైదరాబాద్ యూనివర్సిటీ పక్కన చెట్లు కొట్టేసిన కంచ గచ్చిబౌలి గుర్తుందిగా. అది ఎన్నడూ అటవీ భూమిగా రికార్డు కాలేదన్నది ప్రభుత్వ వాదన. రికార్డు మటుకు చూస్తే ఆ వాదన తేలిగ్గా తీసేసేది కాదు. అయినా 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపేసింది. చెట్లు కొట్టడానికి అనుమతి తీసుకున్నారా అన్న ప్రశ్న దగ్గరే వ్యవహారం ఇరుక్కుంది. మన దగ్గర 2002 నుంచి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది. దాని ప్రకారం చెట్టు కొట్టాలంటే ముందు అనుమతి కావాలి. విద్యార్థులు రోడ్డెక్కడం ఒక ఎత్తైతే, అక్కడి పక్షులూ జింకలూ నక్షత్ర తాబేళ్ల గురించి అంతకు చాలా ముందు నుంచే ఎవరో ఓపిగ్గా రాసిపెట్టుకున్న జాబితాలు మరో ఎత్తు. అవి లేకపోతే "చుక్కల జింక ఎక్కడుంది చూపించండి" అనేవాళ్లు.

అపోహ: పబ్లిక్ హియరింగ్ ఒట్టి నాటకం. (లేదా: అందరం వద్దంటే ప్రాజెక్టు ఆగిపోతుంది)

రెండూ తప్పే. ఇది ప్రాజెక్టుకి పర్యావరణ అనుమతి ఇచ్చేముందు జనం మాట వినే సభ. అక్కడ ఓటింగ్ ఉండదు, ఎంతమంది వద్దన్నారన్న దాన్నిబట్టి నిర్ణయం జరగదు. అలాగని వెళ్లకుండా ఉంటే మీ మాట ఫైల్లోకే ఎక్కదు.

పర్యావరణ ప్రభావ అంచనా మీద కేంద్రం ఇచ్చిన 2006 నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందు పేపర్లలో ప్రకటన రావాలి. సభ పెట్టేది కాలుష్య నియంత్రణ మండలి. అధ్యక్షత వహించేది కలెక్టరో, అదనపు జిల్లా మేజిస్ట్రేట్ స్థాయికి తగ్గని అధికారో. మొత్తం వీడియో తీయాలి. మన దగ్గర ఇది ఎలా ఉంటుందంటే: షామియానా, బారికేడ్లు, ముందు వరుసలో నాయకులు, వెనక ఆటోల్లో తెచ్చిన జనం. "మా ఊరికి ఉద్యోగాలెన్ని?" అనే దగ్గరే పూట గడిచిపోతుంది. అది న్యాయమైన ప్రశ్నే, కాదనను. పిట్టల గురించి మాట్లాడేవాడికి మైకు అందేసరికి అధికారులు వాచీ చూసుకుంటుంటారు.

అందుకే ఉపన్యాసం వద్దు. పర్యావరణ ప్రభావ నివేదికలో జీవజాలం అధ్యాయం తీసి, సర్వే ఏ నెలల్లో చేశారో చూడండి. ఏప్రిల్, మే నెలల్లో చెరువు చూసి "వలస పక్షులు లేవు" అని రాస్తే, చలికాలంలో వచ్చిపోయేవి వాళ్లకెలా కనబడతాయి? జంతువుల జాబితాలో మన జిల్లాలో అసలు ఉండనివేమైనా ఉన్నాయేమో వెతకండి. వేరే నివేదిక నుంచి ఎత్తి అతికించినప్పుడు ఇలాంటివి దొరుకుతాయి. పేజీ నంబరుతో సహా అభ్యంతరం కాగితం మీద రాసివ్వండి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోండి. ఇక ముఖ్యమైంది: సభ ముగిసేలోపు, లేవనెత్తిన అంశాలన్నీ తెలుగులో చదివి వినిపించాలి. చాలాచోట్ల ఇది చేయకుండానే కుర్చీలు మడిచేస్తారు. "చదవండి సార్" అని అడగడానికి ఇద్దరు చివరిదాకా ఉండాలి.

ఒక మెలిక ఉంది. అపార్ట్‌మెంట్లు, టౌన్‌షిప్‌ల లాంటి నిర్మాణాలకి ఈ సభ ఉండదు. చెరువు ఒడ్డున టవర్లు లేస్తున్నాయంటే సభ కోసం ఎదురు చూడకుండా పర్యావరణ అనుమతుల దరఖాస్తులుండే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ పరివేష్‌లో వెతకాలి.

అపోహ: ఇదంతా సిటీ నుంచి వచ్చే పక్షి ప్రేమికుల పని

శ్రీకాకుళం జిల్లా సోంపేటలో "బీల" అనే తడినేలను కాపాడుకున్నది అక్కడి రైతులూ మత్స్యకారులే. థర్మల్ ప్లాంటుకిచ్చిన ఆ తడినేల ప్రభుత్వ లెక్కల్లో పనికిరానిది. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. ఆ రోజుల్లోనే పర్యావరణ అప్పిలేట్ అథారిటీ అనుమతిని కొట్టేసింది. నల్లమలలో యురేనియం అన్వేషణ మాటెత్తినప్పుడు చెంచులూ, చుట్టుపక్కల ఊళ్లూ అడ్డం నిలబడ్డాకే 2019 సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ వ్యతిరేక తీర్మానం చేసింది.

కొల్లేరు కథ వేరు. 1999లో ఐదో కాంటూరు (నేల ఎత్తును చూపే గీత) దాకా అభయారణ్యం అన్నారు, 2006లో చేపల చెరువుల గట్లు పేల్చేశారు. పెద్ద పెట్టుబడిదారుతో పాటు చిన్న రైతు కూడా నష్టపోయాడు. ఆ కోపం ఇప్పటికీ ఉంది, మూడో కాంటూరుకు తగ్గిస్తామన్న హామీకి ఎన్నికలప్పుడు గిరాకీ ఉండేది అందుకే. అక్కడి జనాన్ని తిట్టి లాభం లేదు.

అపోహ: మీరు రోడ్లకీ పరిశ్రమలకీ అడ్డం

చేవెళ్ల మర్రిచెట్ల విషయంలో ఈ నింద గట్టిగా పడింది. హైదరాబాద్-బీజాపూర్ హైవే విస్తరణలో వందల మర్రులు పోవాల్సి ఉంటే కొందరు పర్యావరణ కేసులు వినే గ్రీన్ ట్రైబ్యునల్‌కి వెళ్లారు. వాళ్లు రోడ్డు వద్దనలేదు, చెట్లు వదిలి విస్తరించమన్నారు. ఎక్కువ చెట్లు మిగిలేలా డిజైన్ మారింది కూడా. 2025 నవంబరులో అదే రోడ్డు మీద ఘోర బస్సు ప్రమాదం జరిగాక జనం కోపం చెట్ల మీదకీ మళ్లింది. ఆ కోపాన్ని నేను తప్పుపట్టను. ఇరుకు రోడ్డు మనుషుల్ని చంపుతుంది. చెట్టు కావాలనేవాళ్లు రోడ్డు ఎటు నుంచి వేయాలో కూడా మ్యాపుతో సహా, పని మొదలవకముందే చెప్పగలగాలి.

అపోహ: ఫొటో వైరల్ అయితే పని అయిపోతుంది

రెండు రోజులు టీవీలో వస్తుంది. ఫైలుకి కావాల్సింది తేదీ, చోటు, పక్కన స్కేలో రూపాయి బిళ్లో పెట్టి తీసిన అడుగుజాడ, అన్ని కాలాల్లోనూ రాసిన జాబితా. పక్షుల జాబితాలైతే ఈబర్డ్ లాంటి వెబ్‌సైట్లో ఎక్కిస్తే నిలుస్తాయి. నక్షత్ర తాబేలు, నేల మీది గూడు కనిపిస్తే మాత్రం లొకేషన్ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. తాబేళ్ల దొంగలూ ఆ గ్రూపుల్లో ఉంటారు.

అపోహ: కోర్టుకెళ్లాలంటే లక్షలు కావాలి

సమాచార హక్కు దరఖాస్తుకి మన రాష్ట్రాల్లో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. నష్టపరిహారం అడగకపోతే గ్రీన్ ట్రైబ్యునల్‌లో ఫీజు వెయ్యి రూపాయలు. మనకి వర్తించే దక్షిణ బెంచి చెన్నైలో ఉంది. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. అయితే వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆ ట్రైబ్యునల్ పరిధిలో లేదు. అభయారణ్యం గొడవ దాని కింద నడపాలంటే హైకోర్టుకే పోవాలి.

డబ్బు కన్నా గడువుతోనే అసలు టెన్షన్. పర్యావరణ అనుమతి మీద అప్పీలుకి 30 రోజులు, తగిన కారణం చూపితే మరో 60. ఆ తర్వాత ఎంత మంచి కేసైనా వినరు. అనుమతి వచ్చిన వారంలోగా కంపెనీ రెండు స్థానిక పేపర్లలో ప్రకటన ఇవ్వాలి. అది టెండర్ నోటీసుల మధ్య చిన్న అక్షరాల్లో ఉంటుంది. పేపరు పేరూ తేదీ కనబడేలా కత్తిరించి దాచుకోండి. రోజుల లెక్క చాలాసార్లు అక్కడి నుంచే మొదలవుతుంది.