రెస్టారెంట్‌లో మాట్లాడే ఇంగ్లిష్ నేర్పడం: అపోహలు - వాస్తవాలు

స్పోకెన్ ఇంగ్లిష్ చెప్పే ఏ క్లాసు తీసుకున్నా 'ఎట్ ద రెస్టారెంట్' అని ఒక పాఠం ఉంటుంది. భాష ఎంత వచ్చో కొలవడానికి యూరప్‌లో తయారుచేసిన సీఈఎఫ్ఆర్ ప్రమాణాల్లో కూడా భోజనం ఆర్డర్ చేయగలగడం ఏ2లోకి, అంటే కింది నుంచి రెండో మెట్టులోకి వస్తుంది. అందుకే టీచర్లు దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. ఒక డైలాగ్ బట్టీ పట్టించి, ఇద్దరిని లేపి చదివించి, అరగంటలో చుట్టేస్తారు. నేను పెద్దవాళ్ళకి ఇంగ్లిష్ చెబుతుంటాను. ఈ పాఠం దగ్గరికి వచ్చేసరికి విద్యార్థుల నుంచీ తోటి టీచర్ల నుంచీ అవే మాటలు మళ్ళీ మళ్ళీ వినబడతాయి కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను.

అపోహ: ఆర్డర్ చేయడం అంటే మాట్లాడటం, నాలుగు వాక్యాలు వస్తే చాలు.

మనం చెప్పాల్సింది నిజంగానే నాలుగు ముక్కలు. వెయిటర్ అడిగేవి మాత్రం ఒకసారి వరసగా రాసి చూడండి: ఎంతమంది, రిజర్వేషన్ ఉందా, తాగడానికి ముందు ఏమైనా తేవాలా, మంచినీళ్ళు మామూలువా గ్యాస్ ఉన్నవా, ఆర్డర్ చెబుతారా ఇంకాసేపు ఆగాలా, దానితో సైడ్ ఏం కావాలి, గుడ్డు ఎలా వేయించాలి, అలర్జీలేమైనా ఉన్నాయా, అంతా బాగుందా, ప్లేటు తీసేయనా, డెజర్ట్ చూస్తారా, బిల్లు కలిపా విడివిడిగానా, కార్డా క్యాషా. ఇందులో మనం మొదలుపెట్టే మాట ఒకటో రెండో, మిగతావన్నీ జవాబులే. అంటే పాఠంలో సగానికి పైగా వినడం మీదే పెట్టాలి. పుస్తకంలో వెయిటర్ 'వాట్ వుడ్ యూ లైక్ టు ఆర్డర్, సర్?' అని ఒక్కో మాటా విడదీసి అడుగుతాడు. బయట అదే ప్రశ్న 'వాట్ కెన్ ఐ గెట్ యూ?' అయి, 'వాకెనై గెచ్యా?' అని ఒకే ముద్దగా వచ్చి మీద పడుతుంది, అదీ వెనక ప్లేట్ల చప్పుడు, మ్యూజిక్ మధ్యలో. విద్యార్థి బిక్కమొహం వేసేది సరిగ్గా అక్కడే, తను బట్టీ పట్టిన వాక్యం దగ్గర కాదు.

ముఖ్యంగా రెండు రకాల ప్రశ్నలు ముంచేస్తాయి. మొదటిది 'ఆర్' ఉన్న ప్రశ్న. 'సూప్ ఆర్ శాలడ్?' అని గబగబా అంటే చాలామందికి 'సూపర్ శాలడ్' అని వినబడుతుంది, వెంటనే 'యెస్' అంటారు, వెయిటర్ మళ్ళీ అదే అడుగుతాడు, మనవాడు ఇంకా గట్టిగా 'యెస్, యెస్' అంటాడు. దీనికి మందు గొంతు ఎత్తుపల్లాల్లో ఉంది. రెండిట్లో ఒకటి ఎంచుకోమన్నప్పుడు గొంతు మొదటి మాట దగ్గర పైకి లేచి రెండో మాట దగ్గర కిందికి దిగుతుంది. అవునా కాదా అని అడిగితే మామూలుగా చివర్లో పైకే ఉంటుంది. చివర్లో గొంతు దిగిందంటే 'యెస్' అనకూడదు, ఏదో ఒక పేరు చెప్పాలి. ఈ ఒక్క విషయాన్ని నోట్సు రాయించకుండా, చెవితో మాత్రమే పది నిమిషాలు సాధన చేయించండి, తేడా మీకే తెలుస్తుంది.

రెండోది వ్యతిరేక ప్రశ్న. 'యూ డోంట్ వాంట్ ఐస్?' అని అడిగారనుకోండి. మనకి 'అవును, వద్దు' అనడం సహజం, కాబట్టి నోట్లోంచి 'యెస్' వస్తుంది, గ్లాసు నిండా ఐస్ కూడా వస్తుంది. జపనీస్, కొరియన్ మాట్లాడేవాళ్ళకీ ఇదే తిప్పలు, ఎందుకంటే వాళ్ళ భాషల్లో కూడా జవాబు ప్రశ్న రూపాన్ని బట్టి ఉంటుంది. గ్రామర్ రూల్ వివరిస్తూ కూర్చుంటే వెయిటర్ ఎదురుగా ఉన్నప్పుడు అది గుర్తుకు రాదు. నేనైతే యెస్, నో రెండూ పక్కన పెట్టేయమంటాను. 'నో ఐస్, ప్లీజ్' అని కావాల్సింది మొత్తంగా అనేస్తే సందేహానికి చోటుండదు. ఇక 'ఐయామ్ గుడ్' అంటే అక్కడ 'వద్దు, చాలు' అని. ఇది చెప్పే టెక్స్ట్‌బుక్ నాకు దాదాపుగా కనబడలేదు.

అపోహ: రోల్‌ప్లే చేయిస్తే పని అయిపోయినట్టే.

ఏ రోల్‌ప్లే అన్నది ప్రశ్న. ఇద్దరి చేతిలోనూ అదే డైలాగ్ ఉంటే, ఎదుటివాడు ఏం అనబోతున్నాడో ముందే తెలిసిపోతే, అది గట్టిగా చదవడం అవుతుందే తప్ప మాట్లాడుకోవడం అవదు. 1979 నుంచి 1984 వరకు దక్షిణ భారతంలోని స్కూళ్ళలో, పిల్లలకి పనులు అప్పజెప్పి వాటి ద్వారా ఇంగ్లిష్ నేర్పడానికి భాషాబోధన నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు నడిపిన ప్రాజెక్టు ఈ విషయంలో మన రంగానికి పెద్ద దారి చూపింది. ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియని పరిస్థితి, ఉన్న సమాచారంతో ఆలోచించి తేల్చుకోవాల్సిన పరిస్థితి, ఎవరి ఇష్టం వాళ్ళు చెప్పుకోవాల్సిన పరిస్థితి అని ఆయన పనుల్ని మూడు రకాలుగా విడదీశారు. రెస్టారెంట్ పాఠంలో మూడూ వాడుకోవచ్చు. నేను వెయిటర్ పాత్ర వేసేవాళ్ళకి విడిగా ఒక చీటీ ఇస్తాను: ఫలానా వంటకం అయిపోయింది, ఫలానా దానికి ఇరవై నిమిషాలు పడుతుంది, ఒక ఆర్డర్ కావాలని తప్పుగా తీసుకెళ్ళు. కస్టమర్లకి ఇంకో చీటీ: చేతిలో ఇంతే డబ్బు ఉంది, ఒకరు మాంసం తినరు, ఒకరికి పాలు పడవు. అప్పుడు నిజంగా తల పట్టుకుంటారు, నిజంగా మాట్లాడతారు. మొదటి రెండు రౌండ్లు వెయిటర్‌గా టీచరే ఉంటే మంచిది, విద్యార్థులిద్దరూ ఒకరికొకరు మెల్లగా మాట్లాడుకుంటూ పోతే చెవికి పని ఉండదు.

తప్పు ప్లేటు వచ్చినప్పుడు ఏమనాలో తెలియక దాన్నే తినేసి వచ్చేవాళ్ళు ఎంతమందో! 'ఎక్స్‌క్యూజ్ మీ, ఐ థింక్ ఐ ఆర్డర్డ్ ద సూప్' అనే వాక్యం చాలు. అందులో 'ఐ థింక్' అనేదే మెత్తదనం అంతా. అది తీసేస్తే గొడవకి దిగినట్టు ఉంటుంది.

అపోహ: మర్యాద అంటే 'ప్లీజ్', అది చివర్లో తగిలిస్తే చాలు.

'ఒక కాఫీ ఇవ్వండి' అన్నప్పుడు మన మర్యాద అంతా ఆ 'అండి'లో ఉంది, వేరే మాట అక్కర్లేదు. అదే 'గివ్ మీ వన్ కాఫీ' అయ్యేసరికి ఆ మర్యాద దారిలోనే పడిపోతుంది. ప్లీజ్ తగిలించినా 'గివ్ మీ' గరుగ్గానే ఉంటుంది, 'ఐ వాంట్' కూడా అంతే. మనవాళ్ళు దురుసు మనుషులేం కాదు, పాపం, మర్యాదని ఏ తలుపులోంచి పంపాలో ఎవరూ చెప్పలేదు అంతే. ఇంగ్లిష్‌లో అది వాక్యాన్ని ప్రశ్నగా మార్చడంలో ఉంటుంది: 'కుడ్ ఐ హావ్', 'కెన్ ఐ గెట్'. లేదా 'ఐల్ హావ్ ద సూప్, ప్లీజ్'.

దీనికి అతికించుకుని ఇంకో అపోహ ఉంది, 'కెన్ ఐ గెట్' తప్పు ఇంగ్లిష్, 'ఐ వుడ్ లైక్ టు హావ్' మాత్రమే కరెక్టు అని. అమెరికాలో 'కెన్ ఐ గెట్' మామూలు మాట, బ్రిటన్‌లో కూడా బాగా వినబడుతుంది, అక్కడ కొందరికి నచ్చదు, అది వేరే సంగతి. వేలితో చూపించి 'దిస్ వన్, ప్లీజ్' అన్నా ఏ తప్పూ లేదు. పూర్తి వాక్యం చెప్పాలని క్లాసులో పట్టుబట్టే టీచర్ కూడా బయటికెళ్తే పూర్తి వాక్యం చెప్పడు.

అపోహ: వంటకాల పేర్ల లిస్టు నేర్పిస్తే మెనూ చదివేస్తారు.

పేర్లకి అంతెక్కడ? పుట్టినప్పటి నుంచీ ఇంగ్లిష్ మాట్లాడేవాళ్ళకే సగం పేర్లు తెలియవు. మెనూ చదవడానికి పనికొచ్చేవి పేర్ల చుట్టూ ఉండే చిన్న మాటలు: సర్వ్‌డ్ విత్, చాయిస్ ఆఫ్, టాప్‌డ్ విత్, గ్రిల్డ్, స్టీమ్‌డ్, డీప్ ఫ్రైడ్. 'చాయిస్ ఆఫ్' అని కనబడిందంటే వెయిటర్ తప్పకుండా ఒక ప్రశ్న అడగబోతున్నాడని ముందే సిద్ధపడొచ్చు. అమెరికా మెనూలో 'ఆంత్రే' అంటే ప్రధాన భోజనం, ఆస్ట్రేలియాలో అదే మాట ముందు తినే చిన్న వంటకం, ఇది మాత్రం విడిగా చెప్పి ఉంచండి. బిల్లు, చెక్ (అమెరికాలో బిల్లునే అలా అంటారు) తేడా అంత ముఖ్యం కాదు, ఏదన్నా అర్థమవుతుంది.

అపోహ: 'ఐయామ్ వెజిటేరియన్' అంటే వాళ్ళే చూసుకుంటారు.

చూసుకోకపోవచ్చు. కూరగాయల సూప్ చికెన్ ఉడికించిన నీళ్ళతో చేసి ఉండొచ్చు, సాస్‌లో చేప ఉండొచ్చు. కొందరి లెక్కలో చేప మాంసం కిందికే రాదు. అందుకని 'నో మీట్, నో ఫిష్, నో ఎగ్' అని విడివిడిగా చెప్పడం, 'ఈజ్ దేర్ ఎనీ చికెన్ స్టాక్ ఇన్ దిస్?' అని అడగడం నేర్పాలి. అలర్జీ అయితే ఇంకా జాగ్రత్త. 'ఐ డోంట్ లైక్ నట్స్' అంటే ఇష్టం లేదనుకుంటారు, పైన చల్లినవి తీసేసి తెచ్చిస్తారు. 'ఐయామ్ అలర్జిక్ టు' అన్న మాటే వాడాలి, 'టు' తరవాత ఆ పదార్థం పేరు స్పష్టంగా రావాలి. అమెరికా చట్టం ప్రధాన అలర్జీ పదార్థాలు 9 అంటుంది, తొమ్మిదోదైన నువ్వుల నిబంధన 2023 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. బ్రిటన్ జాబితాలో 14 ఉన్నాయి. రెండిట్లోనూ వేరుశనగ వేరు, బాదం జీడిపప్పు లాంటి నట్స్ వేరు. కాబట్టి ఒక్క 'నట్స్' అనే మాటతో సరిపెట్టకుండా 'పీనట్స్' కూడా పేరు పెట్టి చెప్పించండి. ఈ పాఠంలో ఉచ్చారణ గురించి నేను గట్టిగా పట్టుబట్టేది ఇక్కడొక్కచోటే. మిగతా చోట్ల యాస ఎలా ఉన్నా ఆర్డర్ వచ్చేస్తుంది.

అపోహ: ఇప్పుడంతా ఫోన్లో, స్క్రీన్ మీద ఆర్డర్ చేయడమే, ఈ పాఠం ఎందుకు?

స్క్రీన్ మీద కూడా 'రిమూవ్', 'ఎక్స్‌ట్రా', 'కస్టమైజ్' అర్థం కావాలి, 'సర్వీస్ చార్జ్' ఇదివరకే కలిపేశారో లేదో చూసుకోవడం తెలియాలి. ఆర్డర్ తప్పుగా వస్తే కౌంటర్ దగ్గరికెళ్ళి మనిషితోనే మాట్లాడాలి, అప్పుడు కావాల్సింది పైన చెప్పిన 'ఐ థింక్' వాక్యమే. నేనైతే ఆ స్క్రీన్ ఫోటోలని కూడా క్లాసులో మెనూ లాగే చదివిస్తున్నాను.