కాలిన గాయం, వెండి షీటు, బయటి చీటీ

"సిల్వర్ షీట్ బయట తెచ్చుకోండి" అని డాక్టర్లు రాసే చీటీ మీద మళ్లీ గొడవ మొదలైంది. సిల్వర్ షీట్ అంటే గాయం మీద వేసే, వెండి పూత పట్టించిన కట్టు. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు కాలిన గాయంతో ప్రభుత్వ వార్డులో చేరిన మనిషి ఇంటివాళ్లకు ఈ చీటీ కొత్త కాదు. కమీషన్ కోసం రాస్తున్నారని వాళ్లంటారు. మంచి వైద్యం చెప్తే తప్పా అని డాక్టర్లు. స్టోర్‌లో కాలిన గాయాలకు పూసే వెండి క్రీమ్ నిండుగా ఉండగా బయట కొనమనడమేంటని పైఅధికారులు. మూడు మాటలూ ప్రతిసారీ వినిపిస్తాయి, నాలుగు రోజులకు గొడవ సద్దుమణుగుతుంది, చీటీ మాత్రం ఆగదు.

వెండి గిన్నెలో పాలు విరగవన్న ముచ్చట అందరికీ తెలుసు, దాన్ని వదిలేద్దాం. ఈ చీటీకి మూలం 1990ల చివర్లో ఉంది. అప్పటిదాకా డబ్బాలో క్రీమ్‌గా ఉన్న వెండి, షీటు మీదికి ఎక్కింది. డబ్బాలో ఉన్నంతకాలం అది మందు, షీటెక్కాక సామాను. నాకు తెలిసి ఇవాళ్టి తగాదా మొత్తం ఆ ఒక్క మార్పులోనే ఉంది.

డబ్బా సంగతి ముందు చూద్దాం. 1965లో అమెరికాలో కార్ల్ మోయర్ బృందం 0.5 శాతం సిల్వర్ నైట్రేట్ నీళ్లతో కట్లు తడుపుతూ కాలిన గాయాల్లో చీము పట్టకుండా చూసింది. పని చేసింది కానీ దుప్పట్లు, గోడలు, సిస్టర్ల చేతులు నల్లబడిపోయేవి. రోగి ఒంట్లో ఉప్పు కూడా పడిపోయేది. మూడేళ్లకు, 1968లో, కొలంబియా విశ్వవిద్యాలయంలో చార్లెస్ ఫాక్స్ వెండిని సల్ఫా అనే బాక్టీరియాను అణిచే మందుతో కలిపి క్రీమ్ చేశాడు. సిల్వర్ సల్ఫాడయజిన్, 1 శాతం. మన వార్డుల్లో కనిపించే తెల్ల క్రీమ్ అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాకెక్కింది, మన జాతీయ అత్యవసర మందుల జాబితాకూ ఎక్కింది. ఆ జాబితాలో ఉంటే రెండు లాభాలు: కేంద్రం గరిష్ఠ ధర నిర్ణయిస్తుంది, ప్రభుత్వ ఆసుపత్రికి సరఫరా అవుతుంది.

దాని కష్టం పూసేవాళ్లకు, పూయించుకునేవాళ్లకు తెలుసు. రోజుకు ఒకసారి, ఒక్కోసారి రెండుసార్లు పూయాలి. పాత పూత గాయం మీద పసుపుగా జిగురు పొరలా పేరుకుంటుంది, కొత్తది పూయాలంటే దాన్ని కడిగి తీయాలి. ఆ పొర కింద చర్మం ఎంత లోతు కాలిందో డాక్టరుకూ సరిగా కనపడదు.

మా మేనల్లుడికి నాలుగేళ్లప్పుడు సాంబారు గిన్నె మీద పడి తొడ కాలింది. ఇంట్లో ఎవరో టూత్‌పేస్ట్ పూసేశారు. (కాలగానే ఇరవై నిమిషాలు మామూలు నీళ్ల కింద పెట్టాలని మాలో ఒక్కరికీ తెలియదు.) తీసుకెళ్లిన ఆసుపత్రిలో సిస్టర్ సెలైన్ బాటిల్ మూతకు సూదితో చిల్లు పెట్టి, సన్నటి ధారగా గాయానికి అంటుకున్న కట్టు గుడ్డ మీద పోస్తూ కూర్చుంది. "అయిపాయె బిడ్డా, ఇంకొక్కటే" అంటూ గుడ్డ కొసను వేలెడు వేలెడు లేపుతోంది. గుడ్డతో పాటు అప్పుడే పట్టిన లేత చర్మం కొంచెం లేచింది. వాడి ఏడుపు కారిడార్ దాకా వినపడింది. మర్నాడు మళ్లీ అదే. మూడోరోజు తెల్ల చీరలో ఎవరు కనపడ్డా వాడు వాళ్లమ్మ కొంగులో దూరేవాడు.

షీటు వచ్చింది ఈ బాధ తగ్గించడానికే. కెనడాలో రాబర్ట్ బరెల్ బృందం వెండిని అతి సన్నటి స్ఫటికాలుగా పల్చటి వల మీద పూత పట్టించింది. తడి తగిలితే ఆ పూతలోంచి వెండి అయాన్లు కొంచెం కొంచెంగా విడుదలై బాక్టీరియా గోడనూ, లోపలి ప్రోటీన్లనూ పట్టుకుని చంపుతాయి. రకాన్ని బట్టి ఒకసారి వేస్తే మూడు రోజులు, ఏడు రోజులు తియ్యనక్కర్లేదు. తర్వాత ఫోమ్ మీద, నార మీద, జెల్ అయ్యే పీచు మీద వెండి పట్టించి రకరకాల కంపెనీలు తెచ్చాయి.

తకరారు ఇక్కడే మొదలవుతుంది. షీటు మందు కాదు, మెడికల్ డివైస్. 2020 ఏప్రిల్ 1 నుంచి అన్ని వైద్య పరికరాలనూ చట్టం దృష్టిలో మందులుగానే చూస్తామని కేంద్రం చెప్పింది. అంతమాత్రాన స్టెంటుకో మోకాలి చిప్పకో ఉన్నట్టు వెండి షీటుకు గరిష్ఠ ధర రాలేదు. ఏడాదిలో 10 శాతానికి మించి ఎంఆర్‌పీ పెంచకూడదన్నంత వరకే అదుపు. మొదటి ఎంఆర్‌పీ ఎంత వేసుకోవాలన్నది కంపెనీ ఇష్టం. ఒకే వెండి. డబ్బాలో ఉంటే సర్కారు కొని ఇస్తుంది, షీటు మీద ఉంటే రోగి ఇంటివాళ్లు గేటు అవతలి షాపుకు పరుగెత్తాలి.

డాక్టర్ల వాదన వినాల్సిందే. షీటు వేస్తే నొప్పి తగ్గుతుంది, సిస్టర్ల పని తగ్గుతుంది, రోగి తొందరగా ఇంటికి పోతాడు అంటారు. 2013లో, వైద్య పరిశోధనలను కలిపి తూచే కాక్రేన్ సంస్థ 30 పరిశోధనలను చూసినప్పుడు కూడా తెల్ల క్రీమ్ కంటే వెండి డ్రెస్సింగ్ కింద గాయం మెరుగ్గా మానిందని తేలింది. సప్లయర్ల దగ్గర ఈ మాటే పెద్దక్షరాల్లో ఉంటుంది.

కానీ అదే సమీక్షలో ఇంకో మాట ఉంది, దాన్ని ఎవరూ చదివి వినిపించరు. వెండి లేని సిలికాన్ పూత డ్రెస్సింగ్‌లు కూడా క్రీమ్‌ను దాటేశాయి. అంటే గెలిచింది వెండేనా, లేక గాయాన్ని రోజూ కెలక్కుండా ఉంచడమా? అంతకు ముందు 2010లో అదే సంస్థ 26 పరిశోధనలు, 2,066 మంది రోగుల లెక్క తీసి, వెండి వల్ల ఇన్‌ఫెక్షన్ ఆగుతుందనడానికి గానీ గాయం త్వరగా మానుతుందనడానికి గానీ చాలినంత ఆధారం లేదని రాసింది. 2009లో బ్రిటన్‌లో కాళ్ల మీద పుండ్లున్న 213 మందిలో సగం మందికి వెండి డ్రెస్సింగ్, సగం మందికి మామూలుది వేశారు. మానడంలో తేడా రాలేదు, ఖర్చులో వచ్చింది. అవి సిరల జబ్బుతో వచ్చే పుండ్లు, కాలిన గాయాలు కావు. అయినా మన దగ్గర షుగరు పుండుకు కూడా వెండి షీటు రాస్తున్నప్పుడు ఆ లెక్క గుర్తుంచుకోవాలి.

మనకు దగ్గర్లోని కథ ఇంకొకటి. నల్లగొండ, పాలమూరు నుంచి వలసపోయిన పద్మశాలీలు ఎందరో ఉన్న మహారాష్ట్రలోని సోలాపూర్‌లో ఎం. సుబ్రహ్మణ్యం అనే సర్జన్ 1991లో 104 మంది మీద తెల్ల క్రీమ్‌కు పోటీగా తేనె పెట్టి చూశాడు. పదిహేను రోజుల్లో తేనె వైపు 87 శాతం గాయాలు మానాయి, క్రీమ్ వైపు 10 శాతం. ఇంత తేడా ఎలా వచ్చిందని అనుమానపడ్డవాళ్లున్నారు. తేనె మీద వచ్చిన పరిశోధనల్లో ఎక్కువ ఒక్కచోటివేనన్న విమర్శ కూడా న్యాయమే. ఇంట్లో సీసాలోని తేనె పూయమని నేను చెప్పట్లేదు. కానీ వెండికి ఎదురు లేదన్న మాట 1991లోనే, మన పక్క రాష్ట్రంలోనే చెల్లలేదు.

పాలెం దగ్గర 2013 అక్టోబర్ 30న బస్సు తగలబడి 45 మంది చనిపోయినప్పుడు పాలమూరంతా కాలిన గాయాల గురించే మాట్లాడింది. వార్డు నిండేది మాత్రం అలాంటి ప్రమాదాలతో కాదు. పొయ్యి, స్టవ్, మరిగే నూనె, కరెంటు షాకు. మిర్యాలగూడ వైపు రైస్ మిల్లుల్లో బాయిలర్ ఊక బూడిద పైకి చల్లగా కనపడి లోపల నిప్పుగా ఉంటుంది, అడుగేస్తే మోకాలి దాకా దిగబడుతుంది. వీళ్లలో చాలామందికి కావాల్సింది పెద్ద ఆపరేషన్ కాదు, రెండు మూడు వారాల కట్టు.

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. ఆ పథకం ఎంతోమందిని కాపాడింది, కాదనను. కానీ అది ఆసుపత్రిలో చేరికతో ముడిపడిన లెక్క. డిశ్చార్జి అయి, రోజు విడిచి రోజు కట్టు మార్చుకోవడానికి వచ్చే మనిషి అందులో సరిగా ఇమడడు. దేవరకొండ అవతలి తండా నుంచి నల్లగొండకు 60 కిలోమీటర్ల పైనే. వచ్చిన ప్రతిసారీ ఆటో, బస్సు, తోడొచ్చిన మనిషి కూలి. క్రీమ్ ఫ్రీ, దాని కోసం చేసే ప్రయాణం కాదు. ఈ లెక్క వేస్తే వారానికోసారి మార్చే డ్రెస్సింగ్, వెండి ఉన్నా లేకున్నా, సర్కారే కొని ఇవ్వడం చవక. టెండర్‌లో చూసేది డబ్బా ధర, షీటు ధర. బస్ టికెట్ ఆ కాగితంలో ఎక్కడా ఉండదు.

కొనుక్కొచ్చిన షీటు గతి కూడా చెప్పాలి. స్ఫటిక వెండి రకాన్ని సెలైన్‌తో తడపకూడదు, స్టెరైల్ నీళ్లే వాడాలి. సెలైన్‌లోని ఉప్పు తగిలితే వెండి క్లోరైడ్‌గా మారి పని తగ్గుతుంది. వార్డులో సిస్టర్ చేతికి అందేది సెలైన్ బాటిలే. ఇక రౌండ్స్‌కు వచ్చిన డాక్టరు "గాయం ఎట్లుందో చూద్దాం, విప్పండి" అంటాడు. ఏడు రోజులు ఉండాల్సిన షీటు రెండోరోజు బకెట్లో పడుతుంది. ఆ సాయంత్రానికి ఇంకో చీటీ.