రికాబు లేని రౌతు, నాలుగు కొమ్ముల జీను

రోమన్ సైన్యం తెరమీదికి వచ్చినప్పుడల్లా ఈ తగవు రేగుతుంది. నటుడి కాలికింద రికాబు, అంటే జీనుకు వేలాడుతూ రౌతు పాదం మోపే కడియం, కనపడగానే చరిత్ర చదివినవాళ్ళు నవ్వుతారు. రికాబే లేకపోతే ఆ రౌతులు యుద్ధం ఎలా చేశారని ఇంకొకరు అడుగుతారు. అక్కడినుంచి ఇరుపక్షాలూ పుస్తకాలు బయటికి తీస్తాయి.

గుర్రపు స్వారీ మీద రాసిన ప్రాచీన గ్రీకు రచయిత జెనోఫోన్ కాలం నుంచి చెప్పుకురావాల్సిన పనిలేదు. యూరప్‌లో రికాబు క్రీ.శ. 6వ శతాబ్దం చివర, తూర్పు నుంచి వచ్చిన అవార్లనే సంచార రౌతుల రాకతో కనిపిస్తుందనీ, అంతకుముందు రోమన్లకు అది లేదనీ ఇప్పుడు దాదాపు అందరూ ఒప్పుకుంటారు. పేచీ అంతా ఆ లేమిని బట్టి ఏం తేల్చాలన్నదాని మీదే.

1962లో అమెరికన్ చరిత్రకారుడు లిన్ వైట్ ఒక పెద్ద మాట అన్నాడు. రికాబు వచ్చాకే ఈటెను చంకలో బిగించి గుర్రం బరువంతా కలిపి ఢీకొనడం సాధ్యమైందని, యూరప్ భూస్వామ్య వ్యవస్థ అందులోంచే పుట్టిందని. మరుసటి ఏడాదే చరిత్రకారులు సాయర్, హిల్టన్ దాన్ని చీల్చి చెండాడారు. 1970లో బాక్రాక్ మరో దెబ్బ వేశాడు. సిద్ధాంతం పడిపోయింది గానీ దాని నీడ పోలేదు. రికాబుకు ముందటి రౌతు గుర్రం మీద నిలవడానికే తంటాలు పడేవాడన్న నమ్మకం మామూలు పాఠకుల్లో అలాగే ఉండిపోయింది.

దాన్ని కదిలించినవి నెదర్లాండ్స్‌లోని వాల్కెన్‌బర్గ్ రోమన్ కోటలో దొరికిన తోలు ముక్కలు. అక్కడి తడి నేల వాటిని కుళ్ళనివ్వలేదు. అవి జీను తొడుగులని వివరిస్తూ డచ్ పరిశోధకురాలు గ్రూన్‌మన్ వాన్ వాటరింగె 1967లో ప్రచురించింది. స్కాట్లాండ్‌లోని న్యూస్టెడ్‌లో 1905-10 తవ్వకాల్లో బయటపడిన వంపు తిరిగిన కంచు రేకులు ఆ తొడుగుల నాలుగు మూలల్లో పైకి లేచే కొమ్ములకు జతగా కుదిరాయి. కొలోన్‌లో ఉన్న బాసస్ అనే రౌతు సమాధి రాతి మీద ఆ కొమ్ములు అంతకుముందు నుంచీ కనిపిస్తూనే ఉన్నాయి. చిత్రకారుడు పీటర్ కానలీ 1980ల్లో వీటన్నిటినీ కలిపి అసలు జీనే తయారుచేశాడు. ముందు రెండు కొమ్ములు తొడల మీదికి వంగి ఉంటాయి. వెనక రెండూ నిటారుగా నిలిచి నడుము కింద ఆసరా ఇస్తాయి. పక్కకు వంగితే ఆ వైపు తొడ ముందు కొమ్ముకింద చిక్కుకుంటుంది, వెనక్కి తూలితే వెనక కొమ్ములు ఆపుతాయి. కాలికింద ఏమీ లేకపోయినా మనిషి నిలుస్తాడు.

నా లెక్కలో మలుపు ఇదే. లిన్ వైట్ మీద వచ్చిన వ్యాసాలన్నీ చేయలేని పని ఈ జీను చేసింది. ఎందుకంటే అప్పటిదాకా అర్థం కాని ఒక గ్రంథం దీనితో అర్థం కావడం మొదలైంది.

ఆ గ్రంథం గ్రీకు రచయిత అర్రియన్‌ది. ఇప్పటి టర్కీలోని కప్పడోకియాకు రోమన్ గవర్నరుగా, అలన్లనే సంచార రౌతుల దండును ఎదుర్కొన్నవాడు, కాబట్టి కలంతో పాటు గుర్రమూ తెలిసినవాడు. క్రీ.శ. 136-137 ప్రాంతంలో గ్రీకులో రాసిన యుద్ధతంత్రం రెండో సగంలో అశ్విక దళ విన్యాసాలను వరసగా వర్ణించాడు. ముఖం మొత్తం కప్పే శిరస్త్రాణాలు, పసుపు జుట్టు కుచ్చులు, ఇనుప మొన లేని సాధన ఈటెలు. వలయాలుగా తిరుగుతూ ఒకరి డాళ్ళ మీద ఒకరు విసిరే కాంటాబ్రియన్ చక్రం. వీటిలో అన్నిటికన్నా కష్టమైనది పెట్రినోస్. గుర్రం మలుపు తిరుగుతుండగా రౌతు నడుము తిప్పగలిగినంతా తోక వైపు తిప్పి ఈటెను నేరుగా వెనక్కి విసరాలి. చివర, పరుగెత్తే గుర్రం మీదికి పూర్తి ఆయుధాలతో దూకాలి.

బల్ల ముందు కూర్చుని చదివితే ఇదంతా గవర్నరుగారి గొప్పలే అనిపిస్తుంది. ఆన్ హైలాండ్ బ్రిటిష్ గుర్రపు శిక్షకురాలు, దూరపు పందేల్లో స్వారీ చేసిన మనిషి. ఆమె కానలీ జీను ఎక్కి అర్రియన్ చెప్పినవి చేసి చూసింది. 1993లో వచ్చిన రోమన్ అశ్విక దళ శిక్షణ పుస్తకం అలా పుట్టింది. గుర్రం ఏ కాలు మీద తిరగాలి, పగ్గం ఎడమ చేత్తో డాలుతోపాటు ఎలా పట్టాలి, ఎంత శిక్షణ పొందిన గుర్రమైతే ఆ మలుపుకు నిలుస్తుంది అన్నవి ఆమె వేసుకున్న ప్రశ్నలు. అంతకుముందు పండితుల్లో ఇవి అడిగినవాళ్ళు తక్కువ. రౌతు కొద్దీ గుర్రం అంటాం కదా, ఈ విషయంలో పుస్తకమూ అంతే. దాదాపు అదే సమయంలో జర్మనీలో మార్కస్ యుంకెల్‌మన్ కూడా రోమన్ సామగ్రితో తనే గుర్రమెక్కి, మూడు సంపుటాలు రాశాడు.

కానలీ జీనును నమ్మని అవతలి పక్షం వాదన కొట్టిపారేయదగ్గదేం కాదు. కానలీ జీను లోపల కొయ్య చట్రం ఉంది. తవ్వకాల్లో అలాంటి పూర్తి చట్రం దొరకలేదు. తోలు తొడుగుల్లో గట్టిగా కూరిన మెత్తలే ఉండేవని వీళ్ళంటారు. ఊహతో చేసిన జీను మీద, ఇప్పటి గుర్రంతో చేసిన పరీక్ష 2వ శతాబ్దానికి సాక్ష్యమెలా అవుతుందని అడుగుతారు. దీనికి జవాబుగా కానలీ, తోలు నిపుణురాలు కారల్ వాన్ డ్రీల్-మరే 1991లో ఆ తొడుగుల మీది సాగుళ్ళు, అరుగుదలలు చూపించారు. లోపల గట్టి చట్రం ఉంటేనే అవి అలా పడతాయని వాళ్ళ వాదన. మెత్తల పక్షం ఆ గుర్తులకు ఇంతకన్నా నమ్మదగిన కారణం చూపడం నేను చూడలేదు.

ఒక పుస్తకం ఉండుంటే ఈ తగవులో సగం తగ్గేదేమో. రోమన్ రచయిత పెద్ద ప్లినీ జర్మనీలో అశ్విక దళ నాయకుడిగా ఉన్నప్పుడు గుర్రం మీదనుంచి ఈటె విసరడం గురించి ఒక పుస్తకం రాశాడు. మేనల్లుడు తన ఉత్తరంలో మామ రచనల పట్టికను దానితోనే మొదలుపెట్టాడు. జర్మనీలోని జాంటెన్‌లో దొరికిన గుర్రపు సాజు (పట్టీల) బిళ్ళ మీద ప్లినీ పేరు ఇప్పటికీ చదవొచ్చు. పుస్తకం మాత్రం మిగల్లేదు.

కాబట్టి తెరమీది రికాబును చూసి నవ్వేవాళ్ళది తప్పేం కాదు. కానీ అది లేనందువల్ల ఆ రౌతులు చేతకానివాళ్ళని వాదించేవాళ్ళు ముందు అర్రియన్‌కు జవాబు చెప్పాలి. కొయ్య చట్రం సంగతంటారా, అది తేలాలంటే వాల్కెన్‌బర్గ్ లాంటి తడి నేలే ఇంకోటి దొరకాలి.